పటికయు పదమును

సూరతునుండి బార్డోలికి పోవు బాటయు, ముంబయినుండి ఢిల్లీకి సాగు 48వ జాతీయ రహదారియు ఒకదానినొకటి దాటుచోట, పల్సానా తాలూకాలో, కడోదరా అను ఊరు కలదు. అచటి చార్ రస్తాలో నిలిచి చూచువానికి ముందుగా కానవచ్చునవి లారీలు. ఆ వెనుక అద్దకపు మిల్లుల పొగగొట్టములు. ఆ రెంటి నడుమ, మగ్గము దిగి ఇంకను రంగు నెరుగని కోరాగుడ్డను గుట్టగా కట్టుకొని పోవు టెంపోలు. ఇట్టి మిల్లులలో ఒకదాని గేటుముందర, చాయ్ బండి ప్రక్కనున్న బల్లమీద, డ్యూటీ ఎక్కుటకు ఇంకను అరగంట యుండగా, నా మేనల్లుడు కూర్చుండి, చీరలపెట్టెల అట్టలను కత్తిరించి చేసికొన్న చిన్నచిన్న చీట్లను ఒకదానివెంట ఒకటిగా త్రిప్పుచుండెను. ఒక్కొక్క చీటికి ఒక వైపున ఆంగ్లపదము, వెనుకవైపున తెలుగు అర్థము. మూడు నెలలుగా ఆ కట్ట వాని జేబులో లేని దినము లేదట.

"మామా, నిన్న రాత్రి నూరు మాటలు చదివిన. పొద్దుగాల లేచి చూస్తే సగానికెక్కువ యాదికి లేవు. నా బుర్రనే మంచిది కాదేమో," అనెను.

ఆ దినమున నేను వానికి చెప్పినదియు, చెప్పవలసియుండి వేళ చాలక మానినదియు ఇందు వ్రాయుచున్నాను.

వాని తండ్రి సిరిసిల్లనుండి వచ్చినవాడు. తెలంగాణపు పద్మశాలీలు షోలాపురమునకును, భివండికిని, సూరతునకును మగ్గముల వెంట తరలిపోయిన కథ ఒక్క తరమునాటిది కాదు. సూరతులోని లింబాయత్ ప్రాంతమున నేటికిని తెలుగు మాట వీధులలో వినవచ్చుచుండును, నగరపాలక సంస్థ వారు తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడపుచున్నారు. మా బావ మరమగ్గమును సిరిసిల్లవారివలెనే "సాంచె" యనును. ఆయన కొడుకు మాత్రము ఇంజనీరింగు ముగించి, కడోదరాలో రంగుల ల్యాబున షేడు కుదుర్చు పని చేయుచు, అమెరికాలో పైచదువునకై జీ.ఆర్.ఇ. అను పరీక్షకు సిద్ధపడుచున్నాడు. ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, మిల్లులో హిందీ, చీటిమీద ఇంగ్లీషు. ఇట్టివానికి బుర్ర మంచిది కాదని ఎవడనగలడు?

జీ.ఆర్.ఇ. 1936లో అమెరికాలోని నాలుగు విశ్వవిద్యాలయముల ప్రయత్నముగా ఆరంభమై, 1947లో స్థాపితమైన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు అను సంస్థ చేతికి వచ్చినది. చిరకాలము అందు వ్యతిరేకపదములు, ఉపమానద్వంద్వములు అడుగుచుండిరి. నిఘంటువునుండి మూడువేల మాటలను ఏర్చి కూర్చిన పట్టికను కంఠస్థము చేసినవానికి ఆ ప్రశ్నలు కొంత లొంగుచుండెను. 2011 ఆగస్టులో ఆ రెండు విధముల ప్రశ్నలను తొలగించిరి. ఇప్పుడు వాక్యములో ఖాళీ విడిచి పూరింపుమందురు. లేదా ఆరు మాటలనిచ్చి, వానిలో ఏ రెండు ఆ ఖాళీలో ఇమిడి ఒకే తాత్పర్యము నిచ్చునో చెప్పుమందురు. 2023 సెప్టెంబరునుండి పరీక్ష మొత్తము 1 గంట 58 నిమిషములకు కుదించబడినది. భాషాభాగమున 27 ప్రశ్నలు, 130 నుండి 170 వరకు మార్కులు. పదమునకు ఒక అర్థము తెలిసినంత మాత్రమున చాలదు, దాని నడవడి తెలియవలెను. పాతపద్ధతిని పట్టికలు వల్లించువారు ఈ మార్పును గమనింపకుండుటయే వారి శ్రమలో పెద్దపాలు వ్యర్థమగుటకు కారణమని నా నమ్మకము.

అయినను పట్టిక అక్కరలేదనువారితో నేను ఏకీభవింపను. భాషలో మాటలు సమానముగా పంచబడియుండవు. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన సుమారు 2,000 సామాన్యపదముల జాబితా ఒక్కటియే సాధారణ ఆంగ్లరచనలో అయిదింట నాలుగు వంతులను ఆక్రమించును; తక్కిన ఒక్క వంతులో వేలకొలది మాటలు, ఒక్కొక్కటి ఎప్పుడో ఒకసారి, తొంగిచూచి పోవును. చదువుచున్న పుటలో నూటికి 98 మాటలు తెలిసియుండవలెనన్నచో 8,000 నుండి 9,000 వరకు పదకుటుంబములు కావలెనని న్యూజీలాండు పండితుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టెను. అరుదైన మాట తనంత తాను మనకు మరల మరల ఎదురుపడునని వేచియుండుట, కడోదరా చార్ రస్తాలో నిలుచుండి ఒకే లారీ నెంబరు రెండవమారు వచ్చునని చూచుట వంటిది. కనుక దానిని పిలిచి తెచ్చుకొనవలసినదే. పిలుచు విధమేదియన్నదే ప్రశ్న.

మా వాని ఫిర్యాదునకు మొదటి ప్రత్యుత్తరము 1885లోనే వెలువడినది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, సుమారు 2,300 నిరర్థకమైన అక్షరకూటములను కల్పించి, వానిని వరుసలుగా పేర్చి, తన మనస్సునే ప్రయోగశాలగా చేసికొని, కంఠస్థము చేయుటయు, మరచుటయు, మరల నేర్చుటయు పనిగా పెట్టుకొనెను. ఆయన కొలిచినది ఎన్ని మాటలు గుర్తున్నవని కాదు. మరల నేర్చుకొనుటకు మొదటిసారికంటె ఎంత కాలము మిగిలినదని. ఇరువది నిమిషములకు ఆ ఆదా నూటికి 58, గంటకు 44, ఒక దినమునకు 34, నెల దినములకు 21. ఈ అంకెలను పలువురు తప్పుగా చెప్పుట నేను వినియున్నాను; దినము గడచునప్పటికి మూడింట రెండు వంతులు మాసిపోవునని వారి భావము. నిజమునకు ఇందలి సందేశము మిక్కిలి ఊరటగొలుపునట్టిది. నెల గడచినను, పూర్తిగా మరచితినని తోచినను, రెండవసారి నేర్చుటకు అయిదవవంతు శ్రమ తగ్గియే యుండును. మాట పోలేదు, అడుగున దాగియున్నది. మరపు మొదటిగంటలో వడిగా పారి, ఆ పిమ్మట మందగించును. కనుక తెల్లవారి సగము గుర్తులేకుండుట బుర్ర లోపము కాదు, బుర్ర ఉన్నదనుటకే గురుతు.

"మరి ఏం చెయ్యాలె మామా? మళ్ళ చదవాల్నా?"

"చదువకురా అల్లుడా. అడుగు. నిన్ను నువ్వే అడుగు."

2008లో జెఫ్రీ కార్పికె, హెన్రీ రోడిగర్ అను ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు అమెరికా విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలను ఆంగ్లార్థములతో నేర్పిరి. ప్రతివాడును అన్నింటిని ఒకసారి సరిగా చెప్పగలుగువరకు నేర్చెను. పిమ్మట కొందరికి, వచ్చిన మాటలను మరల చదువనిచ్చిరి గాని పరీక్షింపలేదు. మరికొందరిని మరల చదువనీయక పరీక్షించుచునే యుండిరి. వారము తరువాత చూడగా, పరీక్షింపబడుచు వచ్చినవారు నూటికి 80 వరకు చెప్పిరి. చదువుటతో సరిపెట్టుకొన్నవారు మూడింట ఒక వంతును కొంచెము మించి చెప్పలేకపోయిరి. నీకెన్ని గుర్తుండునని ముందుగా అడిగినపుడు అన్ని పక్షములవారును సగము గుర్తుండుననియే చెప్పియుండిరి! చదివిన మాట కన్నులకు పరిచితమైనంతనే మనస్సు దానిని తనదని భ్రమించును. ఆ భ్రమను పటాపంచలు చేయునది చీటిని బోర్లించి, అర్థమును తనలోనుండి పైకి లాగుట. ఆ లాగుటయే ముడిని బిగించును.

ఈ సంగతి మన పూర్వులు అనుభవమున ఎరిగియుండిరని చెప్పుట అతిశయోక్తి కాదు. వీధిబడిలో అమరకోశమును వల్లించిన బాలుడు పుస్తకము చూచి వల్లింపలేదు. గురువు ఎదుట అప్పగించెను. వేదపాఠకులు జట, ఘనము అని ఒకే మంత్రపు మాటలను ముందునకును వెనుకకును త్రిప్పి పలికినపుడు, ప్రతి త్రిప్పునందును స్మృతిలోనుండి మాటను తీయక తప్పదు. "అప్పగించుట" యను తెలుగుమాటలోనే ఉన్నది కిటుకంతయు: తనలో నున్నదానిని తీసి ఎదుటివాని చేతిలో పెట్టుట. వల్లించుటను నిందించువారు అప్పగింతను గూడ అందు కలిపి పారవేయుట నాకు బాధ కలిగించును.

ఇక ఎంతకొకసారి అడుగవలెను? బారిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుని కుటుంబమున నలుగురు, తామే శిష్యులై తామే పరీక్షకులై, 300 పరభాషాపదములను ఏండ్లతరబడి నేర్చి 1993లో ఫలితములను ప్రకటించిరి. 14 దినముల ఎడముతో 26 సార్లు కూర్చుండి నేర్చినదియు, 56 దినముల ఎడముతో 13 సార్లు మాత్రమే కూర్చుండి నేర్చినదియు రమారమి సమానముగా నిలిచినవి. ఎడము పెంచినచో సగము శ్రమ మిగిలినది! కొంచెము మరచిన పిమ్మట కష్టపడి తెచ్చుకొన్న మాటయే గట్టిగా నాటుకొనును. 1972లో జెబాస్టియన్ లైట్నర్ ఈ సూత్రమునకు ఒక పెట్టెరూపము కల్పించెను. చీట్లకు అరలు, సరిగా చెప్పిన చీటి తరువాతి అరకు పోవును, ఆ అర మరింత ఎడముగా తెరువబడును, తప్పిన చీటి, ఎంత దూరము పోయినదైనను, మొదటి అరకే తిరిగి రావలెను. ఫోనులో నేటి యువకులు వాడు అంకీ యను సాధనము (2006లో డేమియన్ ఎల్మ్స్ రచించినది) ఈ లెక్కను తానే కట్టిపెట్టును. మా వానికి మాత్రము చీరలపెట్టెయే చాలును. అయిదు అరలు చేసి యిచ్చితిని.

ఇంతవరకు చెప్పినది ఏ మాటకైనను వర్తించును, అర్థములేని అక్షరములకు సైతము. కాని మాటకు అర్థమున్నది, ఇంకను ముఖ్యముగా, జాతకమున్నది. బట్టల నడుమ పుట్టిపెరిగినవానికి ఆంగ్లపదముల జాతకము చదువుట ఎంత సులభమో వానికే తెలియదు. ఆ దినమున వాని కట్టలోనుండి ఒక చీటి తీసితిని: మార్డెంట్. వెనుక "కటువైన, ములుకువంటి (మాట)" అని వ్రాసియుండెను. ఇది ఏ భాషనుండి వచ్చినదో తెలియునా యని అడిగితిని. తెలియదనెను. కాని రంగు బట్టను పట్టుకొనుటకై వాడు పటికను, ఇనుపద్రావకమును ఏమందురని అడుగగా, కాలేజీ పాఠము తలపునకు వచ్చి నోరు తెరచి, "అది గూడ మార్డెంటే గదా మామా!" అనెను. రెండును ఒకటియే. కరచుట యను అర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. పటిక ఒక ప్రక్క నూలును, ఒక ప్రక్క రంగును కరచిపట్టి రెంటిని విడిపోనీయదు. కటువైన మాట మనస్సును కరచును. మచిలీపట్నపు కలంకారీ అద్దకమున కరక్కాయనీట నానిన గుడ్డమీద పటిక అద్దినచోట చిరివేరు రంగు ఎఱ్ఱగా నిలుచును, అద్దనిచోట ఉతుకునకు పోవును. వాని మిల్లులో ఇప్పుడు అద్దునది పాలియెస్టరు. దానికి పటిక పనిలేదు, 130 డిగ్రీల వేడిలో ఒత్తిడిపెట్టినపుడు పోగు వదులై రంగును లోనికి చొరనిచ్చి చల్లారగానే మూసికొనును. ఆ తేడాను చెప్పుచున్నపుడు వాని ముఖమున చూచిన వెలుగు వలననే ఈ వ్యాసము వ్రాయవలెనని నాకు బుద్ధి పుట్టినది. ఆ చీటి ఇక వానికి అక్కరలేదు.

పిమ్మట చీట్లను వెదకి తీయుటయే పని యైనది. మిల్లులో గుడ్డను అంచులుపట్టి వెడల్పునకు లాగి ఆరబెట్టు స్టెంటర్ యంత్రము వానికి దినమును కనబడునదే. పూర్వకాలమున ఆంగ్లదేశపు ఉన్నిబట్టను అట్లే కొయ్యచట్రముమీద కొక్కెములకు తగిలించి సాగదీసెడివారు, ఆ చట్రము పేరు టెంటర్. దాని కొక్కెములే, ఏమగునో యని ప్రాణము బిగబట్టుకొనియున్నవాని స్థితిని చెప్పు టెంటర్‌హుక్స్. డంబపు మాటలకు బాంబాస్ట్ అని పేరు. అది దుస్తులలో కుక్కు దూదికి పేరై, పిమ్మట ఉబ్బించిన వాక్కునకు పేరైనది. ఫస్టియన్ అనునది ముతకబట్ట, అదియు డాంబికపు శైలియే. చింకి ఉన్నిబట్టలను చీల్చి మరల వడకిన నూలు షాడీ; పంతొమ్మిదవ శతాబ్దిని యార్క్‌షైరులో పుట్టిన ఆ పనిని నేడు మన పానిపట్టువారు చేయుచున్నారు; నాసిరకపు పని యెల్ల ఆంగ్లమున షాడీ. లోతుగా నాటుకొన్న అలవాటును ఇన్‌గ్రెయిన్డ్ అందురు. గింజలని భ్రమింపబడిన ఒక పురుగునుండి తీసిన చెరగని ఎఱ్ఱరంగే ఆ గ్రెయిన్. నేయుట యను లాటిను ధాతువు టెక్స్. దానినుండి టెక్స్‌టైల్, దానినుండియే పాఠము అను టెక్స్ట్, ముందర తెరగా నేసినది ప్రీటెక్స్ట్, అనగా సాకు, పడుగును పేకయు వలె కలసి నేయబడినది కాంటెక్స్ట్, సందర్భము. సటిల్ అను సూక్ష్మార్థకమైన మాట సైతము నేతలోని సన్నని పోగునుండి వచ్చినదని భాషావేత్తల ఊహ. జాడను చెప్పు క్లూ మొదట నూలుఉండ. చిక్కుదారుల కోటలోనికి పోయిన గ్రీకువీరుడు విప్పుకొనుచు పోయి వెనుకకు చుట్టుకొనుచు వచ్చిన నూలుఉండ అది.

ఇందు చరిత్రయొక్క ఋణమును కలదు. ఆంగ్లేయుల కంపెనీవారు 1611లో మచిలీపట్నమునను, 1613 ఫర్మానాతో సూరతునను కొట్లు పెట్టిరి. వారు కొనవచ్చినది బట్ట. చింట్జ్, కాలికో, బండానా, షాల్ మొదలగు మాటలను బట్టతో పాటు మూటగట్టుకొని పోయిరి. నిఘంటువులోని ఆంగ్లమును పరాయిసొత్తుగా భయపడుచున్న బాలుడు, దాని నూలులో మన పోగులు ఎన్ని యున్నవో చూడవలెను.

తెలుగు చదివినవానికి ఇంకొక కలిమి కలదు, దానిని ఉపయోగించుకొనువారు తక్కువ. హృ ధాతువునకు ఉపసర్గ మారిన కొలది ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము అని అర్థమెట్లు మారునో బడిపిల్లవానికి తెలియును. లాటిను "డ్యూక్" అట్టిదే, నడిపించుట: ఇండ్యూస్, డిడ్యూస్, సెడ్యూస్, నలుగురియెదుట నడిపించి పరువు తీయుట ట్రడ్యూస్. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో సంస్కృతమునకును లాటినుకును గల బాంధవ్యమును ప్రకటించెను. తెలుగు ఆ కుటుంబమునకు చెందినది కాదని 1816లో ఎల్లిస్ అను ఆంగ్లేయపండితుడు నిరూపించెనుగాని, మన తత్సమముల మూలమున ఆ బాంధవ్యపు వంటింటిలోనికి మనకును ప్రవేశమున్నది. "స్పష్టము" అను మాటలోని చూపే సర్కమ్‌స్పెక్ట్‌లోని స్పెక్ట్. సర్కమ్ అనగా చుట్టును. చుట్టును చూచి అడుగువేయువాడు, జాగరూకుడు. పరి అనగా చుట్టును, ఈక్షించుట చూచుట. చుట్టును చూచుటయే పరీక్ష. ఈ మాట చెప్పగానే మా వాడు కొంచెముసేపు మౌనముగా కూర్చుండెను.

ధాతువును నమ్మి మోసపోవు చోట్లును కలవు. ఎనర్వేట్ అను మాట ఎనర్జీకి చుట్టమువలె కనబడి, సత్తువ నిచ్చుటయని తోచును. అది నరము ఊడబెరికి నీరసింపజేయుట. నాయిసమ్‌లో నాయిస్ లేదు, దుర్గంధమున్నది. అందుచేత ధాతువును ఊహకు వాడి, నిఘంటువును సాక్షికి పిలిచి, పత్రికలోనో పుస్తకములోనో దొరికిన నిజమైన వాక్యమునొకదానిని చీటిమీద వ్రాసికొనుమని చెప్పితిని. ఖాళీలో ఇముడునట్టి మాటను ఏరవలసిన పరీక్షకు ఖాళీ చుట్టునున్న వాక్యము తెలియకున్న ఏమి లాభము?

నిద్ర సంగతి ఒకటి మిగిలినది. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయమున జెన్కిన్స్, డాలెన్‌బాక్ అనువారు ఇద్దరు విద్యార్థులకు అక్షరకూటములు నేర్పి, నిద్రించినపిమ్మట అడిగినచో మేలుకొనియున్న పిమ్మటకంటె ఎక్కువ నిలుచుచున్నవని చూపిరి. రాత్రిపాళీ పడిన వారములలో మా వాడు డ్యూటీకి ముందు చదివి పన్నెండు గంటలు జెట్ యంత్రముల రొదలో గడపుచుండెను. పాళీ దిగి, ఇంటికి పోయి, పండుకొనుటకు ముందు అరగంట చీట్లు చూడుమని చెప్పితిని. అంతకంటె ఎక్కువ వలదనియు చెప్పితిని.

ఆ ఆదివారము రాత్రి లింబాయత్‌లో వారి ఇంట భోజనమునకు పోయితిని. భోజనమైన పిమ్మట మా బావ అద్దములు పెట్టుకొని అరలపెట్టెను ఒడిలోనికి తీసికొనెను. ఆయనకు ఇంగ్లీషు అక్షరములు రావు. కాని చీటికి తెలుగువైపున్నది గదా! ఆయన తెలుగు చదువును, కొడుకు ఇంగ్లీషుమాట చెప్పి, అక్షరములు పలికి, చీటి త్రిప్పి చూపును. సరియైనచో తండ్రియే దానిని తరువాతి అరలో వేయును, తప్పినచో మొదటి అరలో వేయును. అర్థమునుండి మాటను తీయుట, మాటనుండి అర్థమును తీయుటకంటె కష్టము, అందువలననే మేలు. ఇది నేను చెప్పినది కాదు, వారికి వారే కుదుర్చుకొన్నది.

ఏడెనిమిది చీట్లు జరిగిన పిమ్మట ఆయన ఒకదానిని దీపమునకు దగ్గరగా పట్టి, "నూలుఉండ. జాడ," అని చదివెను. నలుబది యేండ్లు కండెలు చుట్టిన చేతులవి. కొడుకు కన్నులు మూసికొనెను. నేను అందీయబోగా మా బావ చేయి యెత్తి వారించి, చీటిని బోర్లించి మోకాలిమీద నుంచుకొని, తొందరలేక వేచియుండెను.